నాలో నూరని పచ్చడి

"ఇందులో జీడిపప్పు లేదు కదా నాయనా? మా అమ్మాయికి పడదు. తింటే ఊపిరి అందదు."

పళ్ళేలు ఇంకా రాకముందే ఆ తల్లి అడిగిన మాట ఇది. వడ్డించే మనిషి చిరునవ్వు నవ్వి నన్ను చూపించాడు.

"అబ్బే, లేదు మేడమ్. మా పెస్టో పచ్చడంతా ఇటలీ పద్ధతే. అక్కడి పైన్ గింజలు, తులసిలాంటి ఆకు వేసి, అదిగో ఆ రోట్లోనే చేత్తో దంచుతాం."

నన్ను సాక్షిగా పెట్టి అబద్ధం చెప్పాడండీ. నాకు ఒళ్ళు మండిపోయింది. రాయికి ఒళ్ళు మండడమేమిటంటారా? అయితే వినండి.

నేను ఒక నల్లరాతి రోలును. అనకాపల్లి వెళ్ళే రోడ్డు పక్కన, తాటాకు పాక నీడలో నూకరాజు అనే అతను నన్ను చెక్కాడు. అతని భార్య నా లోపల ఇసుకా నీళ్ళూ పోసి చేతులు కాయలు కాచేదాకా రుద్దింది. "గరుకు పోకపోతే రాతిపొడి పిల్లల కడుపులోకి ఎల్లిపోద్ది" అనేది మొగుడితో. ఎవరి పిల్లలో ఆమెకు తెలియదు. అయినా భయపడింది. అలాంటి చేతుల్లో పుట్టాను కాబట్టి కాబోలు, నాకూ ఏది చూసినా ముందు చెడే తోస్తుంది.

నన్ను కొనుక్కున్న కామాక్షమ్మగారు ఊరికే కూర్చోనివ్వలేదు. పొద్దున అల్లం, మధ్యాహ్నం కొబ్బరి, పిల్లలు దగ్గితే మిరియాలు. ఎప్పుడూ విసుక్కోలేదు నేను. తర్వాత ఆ ఇంట్లోకి మిక్సీ వచ్చింది. నన్ను మంచం కిందికి తోశారు, అక్కణ్ణుంచి పాత సామాన్ల కొట్టుకు పంపారు. మనుషులకు తీరిక లేదు, పోనీలే అనుకున్నాను.

కోపం వచ్చింది ఆ తర్వాత. విశాఖ బీచి రోడ్డులో ఇటలీ భోజనం హోటలు పెట్టినవాళ్ళు నన్ను ఏరికోరి తెచ్చుకున్నారు. మళ్ళీ పని దొరికిందని ఎంత మురిసిపోయానో. వాళ్ళు నాకు మెరుపు కోసం వార్నిషు పూశారు. లోపల కూడా పూశారు. తినేది నూరే చోట వార్నిషు పూసేవాళ్ళను ఏమనాలో మీరే చెప్పండి. నా కడుపు నిండా నిమ్మకాయలు పేర్చి, వంటగదికీ హాలుకీ మధ్య గట్టు మీద కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. వెనకాల మిక్సీ గిర్రున తిరుగుతూ ఉంటుంది, ముందర నా పేరు చెప్పి వడ్డిస్తారు. ఇటలీ గింజలు రావడం ఎప్పుడో మానేశాయి. ఆ మిక్సీలో పడేదేమిటో నేను రోజూ చూస్తున్నాను. జీడిపప్పు.

ఆ మధ్యాహ్నం వచ్చినవాళ్ళు ఒకే అపార్ట్‌మెంటులో ఉండే స్నేహితురాళ్ళు. ఉదయశ్రీ అనే ఆవిడ తనకు బ్యాంకులో మేనేజరు పదవి వచ్చిందని విందు ఇస్తోంది. ఇందాక అడిగిన తల్లి వనజాక్షి. పక్కన పదేళ్ళ కూతురు మేఖల.

"పలాస ఆడపడుచువి, నీ కూతురికి జీడిపప్పు పడకపోవడమేంటే?" అని ఉదయశ్రీ నవ్వింది.

"నవ్వకే. మొన్నామధ్య ఓ పెళ్ళిలో జీడిపప్పు బర్ఫీ ముక్క కొరికితే పెదాలు వాచిపోయాయి. ఆస్పత్రికి చేర్చేసరికి పిల్ల నీలంగా అయిపోయింది."

"మళ్ళీ ఆస్పత్రి కథేనా? ఎప్పుడో ఓసారి బయటికొచ్చాం. లేదని అతను చెప్పాడుగా, ఇంకేం కావాలి నీకు?"

పళ్ళేలు వచ్చాయి. ఆ పచ్చడి కలిపి ఆకుపచ్చగా నిగనిగలాడుతున్న పాస్తా. అందరూ ముందు ఫోన్లు తీశారు. మనుషులకు ఈమధ్య ఆకలికన్నా ఫొటోదే తొందర. వనజాక్షి మాత్రం కూతురి చేతిలోని ఫోర్కు లాక్కుని పక్కన పెట్టింది. "ముట్టుకోకు" అని చెప్పి లేచి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

నిమ్మకాయలు తీసి గట్టు మీద పెట్టింది. నా లోపల వేలు పెట్టి రుద్ది వాసన చూసింది. నూరిన రోలు ఎంత కడిగినా వాసన వదలదు. ఆమె వేలికి అంటింది దుమ్ము.

గట్టు అవతల పొడుగు టోపీ పెట్టుకున్న వంటాయనతో, "ఇందులో ఎవరూ ఏమీ నూరలేదు" అంది.

ఆయన ఇంగ్లీషులో ఏదో గొణిగాడు.

"తెలుగులో చెప్పు బాబూ. రోలు సంగతే అబద్ధమైతే గింజల సంగతి నేనెలా నమ్మేది? ఏం వేశావు దాంట్లో?"

హోటలు మేనేజరు గబగబా వచ్చాడు. "మేడమ్, మిగతా గెస్టులు చూస్తున్నారు. దయచేసి కూర్చోండి."

"చూడనివ్వండి. నేను అడిగింది ఒక్క మాట. ఉందా, లేదా?"

మేనేజరు వంటాయన వైపు ఒక చూపు చూశాడు. నోరెత్తితే రేపటినుంచి రానక్కర్లేదని ఆ చూపుకు అర్థం. వంటాయన తల దించుకున్నాడు. మిక్సీ ఆపేశాడు.

"మా పరువు తీయకే తల్లీ" అని బల్ల దగ్గర ఉదయశ్రీ విసుక్కుంది. ఆ ఊపులోనే ఫోర్కుకు పాస్తా చుట్టి పిల్ల వైపు తిప్పింది. "మీ అమ్మ ఎప్పుడూ అంతే. ఒక్క ముద్ద తిను, ఏం కాదు. నేనున్నానుగా." పెద్దవాళ్ళు పెడితే వద్దనడం తెలియని పిల్ల. తల్లి వీపు వైపు ఒకసారి చూసి నోరు తెరిచింది.

వనజాక్షి కళ్ళు వంటాయన మీదే ఉన్నాయి. ఆ ఫోర్కు నాకు కనిపిస్తోంది. ఇంత పెద్ద నోరు చెక్కినవాడు ఒక్క మాట ఇవ్వలేదు నాకు.

వంటాయన తలెత్తాడు. ఆయనకూ కనిపించింది.

"ఆ పాప నోట్లో ఎట్టకండమ్మా" అన్నాడు మేనేజరు మీదుగా, హాలంతా వినపడేలా. "అది జీడిపప్పే. నానే ఏసినాను."