క్యూలో ముందు మనిషి

శుక్రవారం ఉచితంగా పంచే రొట్టెల క్యూలో ఇర్మెలికి ముందు ఎప్పుడూ తౌనోయే ఉంటాడు. మూడేళ్లుగా అంతే. తలుపు పదకొండింటికి తెరుస్తారు గానీ ఎనిమిదికల్లా వచ్చి నిలబడకపోతే దొరికేది ఎండిన రొట్టె, మెత్తబడిన క్యారెట్లు. దాల్చినచెక్క బన్నులు మొదటి యాభై మందితో సరి. నిలబడే ఓపిక లేనివాళ్లు చక్రాల సంచీని తమ చోట ఉంచి కాసేపు ఎక్కడికైనా వెళ్లొచ్చు. వెనకున్నవాళ్లు దాన్ని ముందుకు జరుపుతూ ఉంటారు. తలుపు తెరిచాక మాత్రం సంచీకి విలువ లేదు. మనిషి ఉంటేనే రొట్టె.

ఆ జనవరి పొద్దున హెల్సింకీలో చలి ఎముకలు కొరికేస్తోంది. ముప్పయ్యేళ్లు ఆఫీసులు తుడిచి నడుం పోగొట్టుకున్న ఇర్మెలి ఆ రోజు బన్నుల కోసమే వచ్చింది. మర్నాడు మనవరాలు హిల్లా వస్తోంది. క్రితంసారి వచ్చినప్పుడు ఆ ఏడేళ్ల పిల్ల ఫ్రిజ్ తెరిచి, లోపలికి చూసి, మెల్లగా మూసేసి, "నాకు ఆకలి లేదులే అమ్మమ్మా" అంది. పసిదానికి అబద్ధమాడటం నేర్పింది తన ఇల్లే కదా అని ఇర్మెలి ఆ వారమంతా కుమిలిపోయింది.

"ఏం మహారాణీ, ఇవాళ ముఖం వెలిగిపోతోంది?" అన్నాడు తౌనో.

"వెలగడం కాదు, గడ్డకట్టింది."

"నీకు ముఖమే. నాకు పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఈ ఎడం చెయ్యి నాది కానట్టే ఉంది."

"చలికిలే. పోయి నీ రాజభవనంలో కూర్చో."

రాజభవనం అంటే రోడ్డుకు అటువైపున్న కొత్త అపార్ట్‌మెంటు. అద్దాల తలుపు వెనక పెద్ద హాలు, హాలంతా నల్లరాతి పలకలు. ఆ పలకలు వేసిన మేస్త్రీ తౌనోయే. వాటి కింద వేడి తీగలు పరిచిందీ అతనే. మోకాళ్లు అక్కడే అరిగిపోయాయి, మోకాళ్లతో పాటు పనీ పోయింది. ఆ ఇళ్లవాళ్లకి మెట్ల దగ్గర నేల కూడా వెచ్చగా ఉండాలట! ఎదురుగా నూట యాభై మంది వణుకుతూ నిలబడి ఉంటే, ఎవరూ నిలబడని ఆ నేల రోజంతా వెచ్చగా పడి ఉంటుంది. తలుపు తెరుచుకోవడానికి నొక్కే నంబరు మాత్రం కట్టినప్పటిదే. అది తౌనోకి తెలుసు.

"నా వెనకాల ఎవరూ రాకండేం" అన్నాడు వెళ్తూ వెళ్తూ. "ఒక్కడినైతే చూసీ చూడనట్టు పోతారు. ఇద్దరు కనిపిస్తే నంబరు మార్చేస్తారు. పదకొండుకి ఐదు నిమిషాల ముందు వచ్చేస్తా. రాకపోతే చెయ్యి ఊపు."

అద్దంలోంచి అతను బెంచీ మీద కూలబడటం, గోడకు ఆనుకోవడం, టోపీ కళ్ల మీదికి లాక్కోవడం ఇర్మెలికి కనిపించింది.

తొమ్మిదిన్నరకి యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి కాగితాలు పట్టుకుని వచ్చింది. పేదరికం మీద పరిశోధనట. "కష్టమొస్తే మీరు సాయం అడగగలిగే మనుషులు ఎందరున్నారు?" అని అడిగింది. ఇర్మెలి రోడ్డు అవతలికి చూసి, "ఒకరు" అంది. అమ్మాయి టిక్కు పెట్టుకుని, ఒక కాఫీ కూపను చేతిలో పెట్టి పోయింది.

హాల్లోంచి జనం వస్తూ పోతూనే ఉన్నారు. స్కీలు మోసుకెళ్తున్న ఒకాయన తౌనో చాచిన కాళ్లను దాటుకుని వెళ్లాడు. ఒకావిడ తోసుకొస్తున్న పిల్లల బండి చక్రం అతని బూటుకు తగిలింది. అయినా అతను కదల్లేదు. అబ్బ, ఏం నిద్ర పట్టింది మనిషికి అనుకుంది ఇర్మెలి. కాస్త అసూయ కూడా పడింది. కాలితో అతని సంచీని ముందుకు జరిపింది.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా చెయ్యి ఊపింది. తరవాత రెండు చేతులూ ఊపింది. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంతలో తలుపు తెరిచారు, క్యూ కదిలింది. ఆమెది నలభై ఒకటో చోటు. ఇప్పుడు బయటికి వస్తే మళ్లీ చివరికే. నిద్ర లేపితే పాపం ఆ కాస్త వెచ్చదనమూ పోతుంది, నా దాంట్లో సగం ఇచ్చేస్తాలే అని తనకు తానే సర్దిచెప్పుకుని ముందుకే అడుగేసింది.

"ఈ సంచీ మనిషేడీ?" అన్నాడు లోపల రొట్టెలిచ్చే అతను.

"వస్తాడు."

"వస్తే చివర నిలబడమనండి" అని తౌనో సంచీని ఖాళీగానే పక్కకు నెట్టాడు. ఇర్మెలికి ఆరు బన్నులు దొరికాయి.

తన సంచీ ఒక చేత్తో, అతని ఖాళీ సంచీ ఇంకో చేత్తో లాక్కుంటూ రోడ్డు దాటింది. నంబరు తెలియక అద్దం మీద దబదబా బాదింది. కుక్కను తీసుకుని బయటికొస్తున్న ఒకావిడ తలుపు తీసింది.

"ఈయన మీవాళ్లా? పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నారు. ఎవరింటికో వచ్చిన చుట్టం అనుకున్నాను."

ఇర్మెలి తౌనో చెయ్యి పట్టుకుంది. ఆ హాలు వేడికి చెయ్యి మరీ చల్లగా లేదు. అందుకే ఇంకో నిమిషం పాటు అతని భుజం కుదుపుతూ పిలుస్తూనే ఉంది.

అంబులెన్సులో వచ్చినామె మోకాళ్ల మీదినుంచి లేచింది. "గుండె ఆగిపోయిందమ్మా. గంటపైనే అయ్యుంటుంది. మీరు ఈయనకి ఏమవుతారు?"

"క్యూలో ఆయన వెనక మనిషిని."

"ఇంటిపేరు?"

ఇర్మెలికి తెలియదు. మూడేళ్లలో ఎన్నడూ అడగలేదు. ఆ క్యూలో ఎవరి ఇంటిపేరూ ఎవరూ అడగరు. అడగకపోవడమే అక్కడ మర్యాద. చెయ్యి నాది కానట్టుందంటే, ఏం, ఎందుకు అని కూడా అడగలేదు.

శనివారం హిల్లా ఫ్రిజ్ తెరిచి కేరింతలు కొట్టింది. కూర్చున్న చోటే మూడు బన్నులు తినేసి, "నువ్వు తినవా అమ్మమ్మా?" అంది.

"నువ్వు తిను" అంది ఇర్మెలి.

తరవాతి శుక్రవారానికి అద్దాల తలుపు నంబరు మార్చేశారు. ఇర్మెలి ఎనిమిదికల్లా వచ్చింది. తన ముందు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడింది. ఎందుకని ఎవరూ అడగలేదు. పదకొండింటికి తలుపు తెరుచుకుంది, క్యూ కదిలింది.

"ముందుకు జరగండమ్మా, బన్నులు అయిపోతాయి" అంది వెనకావిడ.

ఇర్మెలి జరిగింది.