గడ్డం పైకెత్తిన ఓటు

పదకొండు మంది ఆడవాళ్ళు, ఒకటే ప్రశ్న: జర్మనీలో మా బీలెఫెల్డ్ ఊరి కుర్దు సంఘానికి పరీఖాన్ అధ్యక్షురాలు కావాలా, వద్దా? ఆ పరీఖాన్‌ని నేనే. మా సంఘానికి ఎప్పుడూ ఇద్దరు అధ్యక్షులు, ఒక మగ, ఒక ఆడ. ఆడమనిషిని ఎన్నుకునేది ఆడవాళ్ళే. ఏడాదిగా ఆ కుర్చీ ఖాళీ. మగ అధ్యక్షుడు ఒక్కడే అన్నిటికీ సంతకాలు పెట్టేసి, మాకు తర్వాత చెబుతున్నాడు, అదీ గుర్తుంటే. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊరి ఆఫీసుల్లో నేలలు తుడుస్తున్నాను. నన్ను ఇది చెయ్యి, అది చెయ్యి అన్నవాళ్ళే గాని, నువ్వేమంటావు అని అడిగినవాళ్ళు లేరు. అందుకే నాకా కుర్చీ కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, కావాలి.

ఓట్లు అడిగే పని నూపెల్‌ది. జర్మనీలోనే పుట్టిన పిల్ల, మా భాష శనివారం బడిలో నేర్చుకుంది. పుస్తకం పట్టుకుని ఒక్కొక్కరి చెవిలో అడిగి గీత గీసుకుంటోంది. అందరికన్నా చివర మా అత్త ఖెజాల్ దగ్గరికి వెళ్ళి వంగింది. అత్త గడ్డం పైకెత్తింది.

మావాళ్ళు గడ్డం పైకెత్తారంటే 'కాదు' అని. గది ఇవతలి నుంచి అంతా చూశాను. ఒళ్ళు భగ్గుమంది. ముప్పై ఏళ్ళుగా ఈవిడ బట్టలుతికి, వేళకి మందులిచ్చి, ఇంత చేస్తే నలుగురిలో నా పరువు తీస్తుందా!

"కావాలన్నవాళ్ళు అయిదుగురు, వద్దన్నవాళ్ళు ఆరుగురు," అని నూపెల్ చదివింది.

ఇంటి రచ్చ వీధిలో పెట్టడమెందుకని నోరు మూసుకుందామనుకున్నాను. అత్తే ఊరుకోలేదు.

"ఆరుగురా? ఎవరే ఆ ఆరో మహాతల్లి?"

"మీరే, అత్తా. ఇష్టం లేకపోతే ఇంట్లోనే చెప్పొచ్చుగా. ఇంతమందిలో గడ్డం ఎత్తాలా?"

"ఎత్తాను. ఎత్తనా మరి? ఈ పిల్లొచ్చి 'పరీఖాన్ వద్దా, అమ్మమ్మా?' అంది. కాదన్నాను."

నూపెల్ మొహం పాలిపోయింది. "అయ్యో, మీరు తలూపారనుకున్నా. 'అవును, వద్దు' అంటున్నారని రాసేశా."

"తలూపడానికి నేనేమన్నా జర్మన్‌దాన్నా?"

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వేశాను. అమ్మయ్య, ఆవిడ నన్ను కాదనలేదు.

అత్త మాత్రం నవ్వలేదు. "నవ్వకండే. మా ఊళ్ళో ఓట్ల రోజున పెద్దమనిషి ఆడవాళ్ళందరి కాగితాలూ లాక్కుని తనే ముద్రలు గుద్దేవాడు. డెబ్భై ఆరేళ్ళకి ఇవాళ నా ఓటు నేను వేసుకున్నా. దాన్ని తలకిందులు చేశావు గదే, పిల్లా."

"తప్పయిపోయింది అమ్మమ్మా," అంది నూపెల్, ఏడుపు గొంతుతో. "మీ మాట పైకి చెప్పండి. అందరి ముందూ దిద్దుతాను."

అత్త కర్ర ఊతంగా లేచి నిలబడింది. మా నాన్న తేమో పెట్టిన పేరుతో కాకుండా, పెళ్ళినాటి నుంచీ ఆవిడ నన్ను 'కోడలా' అనే పిలిచింది. మా ఇళ్ళల్లో కోడలికి వేరే పేరు అక్కర్లేదు.

"రాసుకో," అంది. "తేమో కూతురు పరీఖాన్. నాకు ఆ మనిషే కావాలి."