తెర అవతల

తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ క్రిస్పులో తిండి తగ్గించేశాడు. ఇలోయిలో నగరం వీధుల్లో జీప్నీ అనే ప్రయాణికుల బండి నడిపి ముసలివాడైన మనిషి, లుగావ్ గంజి రెండు చెంచాలు మింగి మొహం తిప్పుకునేవాడు. నీళ్లయితే పెదాలు తడుపుకోవడమే.

"చంటిపిల్లలే నయం కదా, తాతాయ్, నాన్నా!" అని కూతురు నెనీతా తండ్రి మీద విసుక్కునేది.

"ఆకలి లేదు, ఇందాయ్, నా తల్లీ."

తర్వాత ఆ ఆసుపత్రి మంచం మీదే పక్క తడవడం మొదలైంది. నీళ్లలా పలచటి విరేచనం. నెనీతా గుడ్డలు మార్చలేక అలిసిపోయింది. కట్టేసే మాత్ర ఇమ్మని నర్సును బతిమాలితే, డాక్టరమ్మ చూడకుండా ఇవ్వనంది. మధ్యాహ్నానికి ఆయన మతి తప్పింది. కూతుర్ని చనిపోయిన భార్య పేరు పెట్టి పిలిచాడు. సెలైన్ గొట్టం పీకబోయాడు.

డాక్టర్ విల్యారుజ్ వచ్చి పొట్ట మీద చెయ్యి వేసింది. రాయిలా ఉంది.

"ఇవి విరేచనాలు కావమ్మా. లోపల మలం గడ్డకట్టి దారి మూసేసింది. దాని పక్కనుంచి నీరు కారుతోందంతే. మూత్రమూ ఆగిపోయింది. నొప్పి మందులు, మంచం మీదే ఉండటం, పైగా నీళ్లు తాగరాయె. మీరడిగిన మాత్ర వేసుంటే ప్రాణం మీదికొచ్చేది."



మూత్రానికి గొట్టం వేశారు. గడ్డను చేత్తోనే తియ్యాలన్నారు. అంత మగతలోనూ ఆ మాట క్రిస్పులో చెవిన పడింది. కూతురి చెయ్యి తోసేశాడు.

"నువ్వు పో! నీ చేత కడిగించుకోకూడదనే కదా నోరు కట్టుకుంది!"

ఆమె మంచం చుట్టూ లాగిన తెర అవతల గోడకానుకుని నిలబడింది. తండ్రి మూలుగు, మధ్యమధ్య "ఇంకాస్త, తాతాయ్, ఊపిరి వదలండి" అంటూ డాక్టరమ్మ గొంతు వినిపించాయి. చెవులు మూసుకోబోయి, మానుకుంది.

సాయంత్రానికి ఆయనకు తెలివొచ్చింది. మర్నాడు నీళ్ల గ్లాసు అందిస్తే మళ్లీ పక్కన పెట్టేశాడు. నెనీతా ఈసారి విసుక్కోలేదు. జీప్నీ స్టాండుకు ఫోన్ చేసి, తండ్రి స్నేహితుడు తెబాన్‌ను రమ్మంది.

"ఏరా, ఇంజిన్ జామైందట!" అంటూ వచ్చాడు తెబాన్. మంచం చుట్టూ తెర లాగి మూసేశాడు. "తాగు. దొడ్డికొస్తే గిన్నె నేను పెడతాలే. నీ కూతుర్ని పంపించేశాను."

డాక్టరమ్మ మాత్రం, పొట్ట ఇంకా మెత్తబడలేదని, గండం గట్టెక్కిందని అప్పుడే చెప్పలేనని అంది. నెనీతా వరండాలో బెంచీ మీద కూర్చుని, లోపలి మాటల కోసం చెవులు రిక్కించింది.