ఏసీ గదిలో కడుపు

హౌగాంగ్‌లోని ఆ ఫ్లాట్‌లో ఏసీ ఉన్నది ఒక్క గదికే. ఆ గది తనకిచ్చారని సుస్మిత మురిసిపోయింది. అంగలకుదురు బడిలో పది పాసై, పాలిటెక్నిక్‌లో చేరడానికి విమానమెక్కి పరాయి దేశంలో బాబాయి ఇంటికొచ్చిన పిల్లకి ఇంత మర్యాదా అనుకుంది. తర్వాత తెలిసింది, ఏసీ తనకి కాదు, మూలనున్న ప్లాస్టిక్ పీపాకని.

బాబాయి ఉపేంద్ర వన్-నార్త్ ఐటీ పార్కులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆఫీసులో జీతాలతోపాటు సరదాలు కూడా పెరుగుతున్న రోజులవి. ఆయన సరదా ఇంట్లో బీరు చెయ్యడం. డబ్బాలో దొరికే మాల్ట్ పాకం, పంచదార, నీళ్ళు కలిపి, చల్లారాక ఈస్టు చల్లి పీపా మూత బిగించాడు. మూతకి నీళ్ళు పోసిన చిన్న గొట్టం ఉంది. లోపలి గాలి అందులోంచి బుడగలుగా బయటికి పోతుంది.

"ఫస్ట్ బ్యాచ్ సుస్మీ! వేడి తగిలితే మొత్తం పాడైపోద్ది. బుడగలొస్తున్నాయో లేదో చూస్తా ఉండు, అదే నీ డ్యూటీ," అన్నాడు.

ఊళ్ళో దీన్ని సారా కాయడం అంటారని చెప్పాలనిపించింది. చెప్పలేదు. సుస్మిత ఏదీ చెప్పదు.

ఇంతలో తెనాలి నుంచి పిన్ని వాళ్ళమ్మ సీతాదేవి దిగింది. మా అల్లుడు కాఫీ కూడా ముట్టడని పదిమందికీ చెప్పుకునే మనిషి. ఉపేంద్ర పీపా మీద పాత చీర కప్పి, "నా పరువు నీ చేతిలో ఉంది తల్లీ. నోరు తెరవమాక," అని బతిమాలాడు. నోరు తెరవకపోవడమే తనకి బాగా వచ్చిన విద్య కాబట్టి సుస్మిత ధీమాగా తలూపింది.

మధ్యాహ్నం సీతాదేవి ఆ గదిలోనే నడుం వాల్చింది.

గుళుక్.

"ఏందే ఆ చప్పుడు?"

ఫ్రిజ్ అనొచ్చు, పైపు అనొచ్చు, పైఇంటివాళ్ళ మీదకి తోసెయ్యొచ్చు. సుస్మిత నోట్లోంచి ఊడిపడింది మాత్రం, "నా కడుపండీ."

అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం వాము కషాయం, రెండు పూటలా చారన్నం. లిఫ్టులో కనిపించిన ఆంటీలంతా "కడుపెలా ఉందమ్మా?" అని అడిగేవారు. పీపా మాత్రం రోజురోజుకీ జోరందుకుంది.

చివరికి భోజనాల దగ్గర సీతాదేవి తేల్చేసింది. "ఈ ఊరి నీళ్ళు పిల్లకి పడలా. నాతో తీసుకుపోతా. అక్కడే ఇంటర్లో చేరుద్దిలే."

సుస్మిత బాబాయి వంక చూసింది. బాబాయి పెరుగన్నంలో ఆవకాయ కలుపుకుంటున్నాడు, చాలా శ్రద్ధగా.

బడిలో హాజరు పలికే గొంతు ఒక్కటే ఉంది ఆమెకి. దాన్నే తీసింది. "అది నా కడుపు కాదండీ! బాబాయి బీరు!"

సీతాదేవి లేచి వెళ్ళి చీర లాగింది. ఒక బుడగ వచ్చేదాకా చూసింది. పిడుగు అల్లుడి మీద పడుతుందని అందరూ అనుకున్నారు.

"అయితే నా వామంతా దండగేనటే!" అంది సుస్మితతో. తర్వాత గ్లాసు నిండా కషాయం తెచ్చి అల్లుడి ముందు పెట్టింది. "ఆ కడుపు మీదేనని తేలింది కదా బాబూ. తాగండి."

ఉపేంద్ర తాగాడు. పీపా ఆవిడ ఆజ్ఞ మీద హాల్లోకి, అక్కడి వేడికి పులిసి చెత్తబుట్టలోకి పోయింది. సుస్మిత ప్రయాణం ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గది నిశ్శబ్దంగా ఉంది. ఇన్నాళ్ళ చారన్నం మహిమ వల్ల సుస్మిత కడుపు నిజంగానే గుళుక్కుమంది.

"నా కడుపండీ," అంది.

సీతాదేవి లేచి మంచం కింద వెతికింది. ఆ తర్వాత బీరువా తెరిచింది.