సముద్రం కాడ పెట్టిన కూత

మా ముసలోడికి సముద్రం చూపిస్తనని మా కొడుకు గణేష్ మొండికేసిండు. మే నెలల మనుషులు మాడిపోతుంటే విశాఖపట్నం ఏందిరా అన్న. వింటడా? పాల్వంచల కాంట్రాక్టు పని వాడిది. షిఫ్టులోళ్ళంత కలిసి బస్సు మాట్లాడుకున్నరు. "అయ్యకు ఇంకెన్నాళ్ళు తెలివి ఉంటదో అవ్వా, ఇప్పుడన్న చూడనీ" అన్నడు. ఆ మాటతోటి బట్టల మూట కట్టిన.

ముసలోడు వయసుల ఉన్నప్పుడు గోదాట్ల వెదురు తెప్పలు తోలిండు. భద్రాచలం కాడ కట్టిన తెప్పను రాజమండ్రి దాక తీస్కపోయి అప్పజెప్పి, బస్సెక్కి తిరిగొచ్చేటోడు. "గీ నీళ్ళన్ని ఏడికి పోతయో ఒక్కపాలి చూడాలె" అని అప్పటిసంది అంటనే ఉన్నడు. పోయినేడు నుంచి అన్నీ మరుస్తుండు. ఇది తగ్గేది గాదు, పెరిగేదే అని దవాఖానల డాక్టరమ్మ చెప్పింది. మొదట కోడలు వనజను మరిచిండు. "ఎవల పిల్లనో గానీ మంచి పనిమంతురాలు" అని దాని మొఖం మీదనే మెచ్చుకుంటే, అది పొయ్యి కాడ కూసోని ఏడ్చింది. తర్వాత గణేష్‌ను మరిచిండు. నన్ను మాత్రం మరువలే. ఆ సంగతి మీద నాకు లోపల్లోపల మస్తు పొగరు. "ఎవల్ని మరిచినా భీమక్కను మరుస్తడా? మరిస్తే బువ్వ ఎవలు పెడ్తరు?" అని వాడకట్టంత చెప్పుకుంట తిరిగిన. నిజం చెప్పాలంటే భయం గూడ ఉండె. రోజు పొద్దుగాల ఆయన నన్ను గుర్తుపట్టే దాక మంచం కాడికెల్లి కదలకపోయేదాన్ని.

బీచ్‌ల దిగేసరికి పొద్దు వాలుతుంది. అబ్బో, ఏం జనమే తల్లీ! మేడారం జాతరల తప్ప గంతమందిని నేనెన్నడు చూడలే. కంకులు కాల్చేటోళ్ళు, గుర్రాలెక్కిచ్చేటోళ్ళు, పోరగాండ్లకు గాలి బుగ్గలమ్మేటోళ్ళు, ఫోన్లు పట్టుకొని పండ్లికిలించేటోళ్ళు. నీళ్ళు చూద్దామంటే మనుషుల ఈపులే కనవడ్తున్నయి. ఎట్లనో తోసుకొని ముందటికి పోయినం.

"ఇదేనా?" అన్నడు ముసలోడు.

"ఇదే."

"అవతలి ఒడ్డేది?"

"లేదంట."

"ఒడ్డు లేకుంటే తెప్ప ఏడ కడ్తరే?" అని పరేషానై నా కొంగు పట్టుకున్నడు. ఏండ్ల నుంచి కోరుకున్న సముద్రం చూసి ఆ మనిషికి సంబురం లేదు, బెదురే మిగిలింది. ఎందుకు తోల్కొచ్చినంరా దేవుడా అనుకున్న.

గంతల పోరగాడు ఎక్కిన గుర్రం ఒకటి మీదికొచ్చింది. జనం ఒక్కసారి అటిటు చీలిపోయిండ్రు. కొంగు జారినట్టయి తిరిగి చూస్తే ముసలోడు లేడు. అందరి నెత్తులు ఒక్కతీరుగనే ఉన్నయి. గణేష్ అటు ఉరికిండు, వనజ ఇటు ఉరికింది. ఏడ జూసినా లేడు.

పోలీసు డేరా కాడికి పోయినం. ఆడ ఒక పోలీసమ్మ, మంచిదే పాపం, నాకు నీళ్ళ బాటిల్ ఇచ్చి, "ఏటి మామ్మా, మీ ఆయన పేరేటి?" అని అడిగింది. నేను చెప్పలే. మొగని పేరు మేం నోట పలకం.

"తప్పిపోయినప్పుడు కూడా చెప్పవేటి?" అని ఆమె తల పట్టుకుంటే గణేష్ చెప్పిండు. ఆమె మైకు అందుకున్నది. "భద్రాచలం నుంచి వచ్చిన జంపయ్య గారూ, ఎక్కడున్నా పోలీసు టెంటు దగ్గరికి రావాలి. జంపయ్య గారూ..."

స్తంభం స్తంభానికి పెట్టిన మైకులు. ఒడ్డు పొడుగునా ఆయన పేరు మోగింది.

"ఆపుమనురా! ఆ పేరు ఆపుమను!" అని గణేష్ మీద అరిచిన.

వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. వాడు తునికాకు కోతకు రాక ఎన్నేండ్లాయె, వాడికి ఏం యాదుంటది? అడవిల ఆకు కోసేటప్పుడు మేం ఒకర్నొకరం పేరు పెట్టి పిలవం. పిలిస్తే గాలి ఆ పేరు నేర్చుకుంటదంటరు. నేర్చుకొని, మనిషి గొంతు తెచ్చుకొని మళ్ళ పిలుస్తది. దానికి పలికినోడు ఇల్లు చేరడు. అందుకే కనవడని గొంతు పేరు పెట్టి పిలిస్తే పలకొద్దు, వంగి చెట్టు సాటుకు పోవాలె. మాది కూతల మాట. మోపు ఎత్తాలన్నా, తోవ తప్పినా కూత పెడ్తం. ఎవల కూత ఏదో దూరంకెల్లి గుర్తుపడ్తం. కడుపున పుట్టినోళ్ళను మరిచిండు గానీ, చిన్నప్పటి ఆ బుద్ధి మరుస్తడా?

గింతల బుగ్గలమ్మే ఒకాయన వచ్చిండు. "నెత్తిమీద పచ్చ తువ్వాలున్న ముసలాయనేనా అండీ? మైకు మోగినప్పుడల్లా దడుచుకొని వంగిపోయి, అలా పడవల ఏపు ఎలిపోతన్నాడండి" అన్నడు.

గణేష్‌కు అప్పుడు సమజైంది. పోయి మైకు ఆపిచ్చిండు.

పడవలున్న దిక్కు ఉరికినం. ఆడ గూడ జనమే. వలల మీద, పడవల మీద ఎక్కి ఫొటోలు దిగుతుండ్రు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న. గణేష్ నా రెక్క పట్టుకున్నడు. "అవ్వా, గింతమందిల గదేంది? నవ్వుతరు."

"నవ్వితే నవ్వనీ! నీకు సిగ్గు పోతాంది, నాకు మొగడు పోతాండురా!"

కూత పెట్టిన. ఎన్నేండ్లయిందో పెట్టక. మొదటిది గొంతుల్నే ఇరికింది. రెండోది బయటికొచ్చింది. చుట్టున్నోళ్ళు తిరిగి చూసిండ్రు, ఒక పిల్ల ఫోన్ తీసి నా మొఖం మీద పెట్టింది. పోనీ అనుకున్న. మళ్ళ పెట్టిన.

పడవల అవతల్నించి బదులు కూత వచ్చింది.

ఆయనదే! ఆ గొంతు ఎట్లుంటదో నాకు తెల్వదా? పడవ సాటునుంచి లేచిండు. తువ్వాలకు ఇసుక, మొఖం నిండ నవ్వు. పెండ్లయిన కొత్తల ఆకు మోపు ఎత్తెటందుకు గట్లనే నవ్వుకుంట వచ్చేటోడు. నేను ఉరికిపోయి రెండు చేతులు పట్టుకున్న.

ఆయన నా చేతుల్ల నుంచి చేతులు మెల్లగ తీసుకున్నడు. నా భుజం మీదికెల్లి అవతలికి చూస్తుండు.

"జర జరుగమ్మా" అన్నడు. "మా ఆడది కూత పెట్టింది. మోపు లేస్తలేదేమో. నువ్వెక్కడన్న చూసినవా?"

"నేనే గదయ్యా పెట్టింది!" అన్న.

మొఖం నుంచి కాళ్ళ దాక చూసిండు. నన్ను నొప్పియ్యొద్దని మెత్తగ చెప్పిండు. "నువ్వు ముసల్దానివి గదమ్మా. అది పడుచుది."

గణేష్ వచ్చి "పా అయ్యా, బస్సు పోతది" అని జబ్బ పట్టిండు. ఆయన విదిలిచ్చుకున్నడు. "ఎవడ్రా నువ్వు? గాలి పేరు పెట్టి పిలుస్తాంది, దాన్ని ఒక్కదాన్ని ఇడిసి యాడికి రావాలె?" అని గట్టిగ అరిచిండు. జనం గుమికూడిండ్రు. వనజ దండం పెట్టింది, వినలే. గణేష్ ఆ ఇసుకలనే కూలబడి చిన్న పోరని లెక్క ఏడ్చిండు.

ఇంకేం చేస్తరు? నేను ఆయనకు ఈపు తిప్పిన. కొంగు నెత్తి మీదికి లాక్కొని, బస్సున్న రోడ్డు దిక్కు నాలుగడుగులేసి కూత పెట్టిన.

"ఆఁ, వస్తున్ననే!" అన్నడు వెనకనుంచి. ఎంత ప్రేమగ అన్నడో! ఇసుకల అడుగుల చప్పుడు నా వెనకాల్నే వచ్చింది.

జనం దారిచ్చిండ్రు. ముందు నేను, వెనక ఆయన. ఒక్కపాలి ఆ నవ్వు చూడబుద్ధయింది. తిరిగితే ఆయనకు ఎవలో ముసల్ది కనవడ్తది, ఆ నవ్వు పోతది. తిరగలే. కూత ఆగితే ఆయన ఆగిపోతడని, బస్సు దాక పెట్టుకుంటనే నడిచిన.