పాట మధ్యలో ఊపిరి

"భూమేశన్నా, ఏమనుకోకు గని, నీ పాట సూదిలెక్క గుచ్చుతుంది" అన్నాడు ఫోన్లో దిలీప్.

దిలీప్‌ది కోటగిరి. పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ సౌండ్ బాక్సులు కిరాయికిస్తాడు. భూమేశ్‌ది బాన్సువాడ. బస్టాండు వెనక మోటారు వైండింగ్ షాపు పైగదిలో, గోడల నిండా బొంతలు కట్టి చిన్న స్టూడియో నడుపుతున్నాడు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల గొంతు రికార్డు చేసి, దానికి డప్పూ కీబోర్డూ జతచేసి, ఏదెంత వినబడాలో అంత ఉంచి పాటగా కలిపి ఇవ్వడం అతని పని. దాన్నే మిక్సింగ్ అంటారు.

"ఏ పాట?" అన్నాడు భూమేశ్.

"మొన్నటి పెండ్లి పాటనే. బాక్సులల్ల పెట్టంగనే ఆడోళ్లు చెవులు మూసుకున్నరు. 'స' అన్న కాడ, 'చ' అన్న కాడ కోసినట్టుంటుంది. నీ దగ్గర మంచిగనే ఇనబడ్తుందా?"

"మంచిగనే ఉన్నది. నీ బాక్సులే చూసుకో."

ఫోన్ పెట్టేసి ఆ పాట మళ్లీ విన్నాడు. అతనికి ఎక్కడా గుచ్చలేదు. పైగా ఇంకాస్త మెరుపు ఉంటే బాగుండుననిపించింది. కానీ ఇలా అన్నవాళ్లలో దిలీప్ మొదటివాడు కాదు. రెండు నెలల్లో అతను నాలుగోవాడు.

ఆ వారమే నిజామాబాద్ వెళ్లి చెవుల పరీక్ష చేయించుకున్నాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా గుండీ నొక్కమన్నారు. మొదట బాగానే నొక్కాడు. తరువాత చాలాసేపు ఏమీ వినబడలేదు. మిషన్ ఆగిపోయిందేమోనని తల తిప్పి చూశాడు. అద్దం అవతల డాక్టరమ్మ ఇంకా మీటలు తిప్పుతూనే ఉంది.

కాగితం మీద గీసిన గీత చూపించిందామె. కొంతదూరం సమంగా నడిచి, ఆ తరువాత కాలువ గట్టు దిగినట్టు కిందికి పడిపోయింది.

"లావు శబ్దాలు బాగానే వినబడుతున్నాయి. సన్నవి పోయాయి. ఏం పని చేస్తారు?"

"పదిహేడేండ్ల వయసుల బ్యాండ్ల చేరిన. అటెన్క పన్నెండేండ్లు బాక్సుల పక్కన నిలబడ్డ. ఇప్పుడు నలభై నాలుగు."

"పోయింది తిరిగి రాదండీ. ఉన్నది కాపాడుకోవాలి. చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత నయం."

ఇంటికొచ్చి భార్య అడిగితే "వేడి చేసిందంట" అన్నాడు. కాగితం బండి డిక్కీలో రెయిన్‌కోటు కిందికి పోయింది. పాటలు కలిపేవాడికి చెవులు లేవంటే ఇక ఎవరు మెట్లెక్కి వస్తారు?

అప్పుడే అతనికి కంటితో చూసే సాధనాల ఆలోచన వచ్చింది. పాటలో లావు శబ్దాలెన్ని, సన్నవెన్ని అన్నది తెర మీద బొమ్మగా చూపించేవి ఉంటాయని అతనికి తెలుసు. ఇన్నాళ్లూ వాటిని చూసి నవ్వేవాడు. ఇప్పుడు వారం రోజులు పని మానేసి ఒక్కొక్కటే కంప్యూటర్లోకి దింపుకుని చూశాడు.

మొదటిదాంట్లో రంగురంగుల కడ్డీలు పాటతోపాటు గంతులేశాయి. చూడముచ్చటగా ఉంది గానీ, చూసేలోపే మారిపోతున్నాయి. కదిలిన బస్సులో మనుషుల్ని లెక్కపెట్టినట్టయింది. దాన్ని తీసేశాడు.

రెండోది నెమ్మది మనిషి. పాట మొత్తం విని, సగటున ఎక్కడ ఎంతుందో ఒకే గీతగా గీసింది. ఎడమ పక్కన డప్పు, మధ్యలో గొంతు, కుడి చివర తాళాలూ 'స'లూ 'చ'లూ. అందరూ మెచ్చిన ఒక పాత పాట గీతను వెనక పెట్టుకుని దాని మీద తన పాట గీతను చూసుకోవచ్చు. దిలీప్ తిట్టిన పాటను అలా పెట్టి చూశాడు. కుడి పక్కన పాత పాట గీత మెల్లగా దిగుతుంటే తనది గోడలా నిటారుగా లేచింది. తనకు వినబడక పెంచుకుంటూ పోయిందంతా అక్కడ నిలబడి ఉంది. తరువాత ఆ గోడను కొంచెం కొంచెంగా దించి, పాటను దిలీప్‌కు పంపాడు.

"గిది గద పాటంటే!" అన్నాడు దిలీప్.

మూడోది పాటను నేలమీద పరిచిన బట్టలా చూపించింది. ఎడమ నుంచి కుడికి కాలం. కింద లావు శబ్దాలు, పైన సన్నవి. గట్టిగా ఉన్నచోట వెలుగు, లేనిచోట నలుపు. ఫ్యాను హోరు అడుగున చారలా కనబడింది. కింద షాపులో సుత్తి దెబ్బ పడ్డచోట నిట్టనిలువు గీత. రికార్డింగులో పడకూడనివేవి పడ్డాయో పట్టుకోవడానికి ఇదే మేలనిపించింది. రెండోదీ మూడోదీ ఉంచుకున్నాడు.

నెల తిరిగేసరికి ఫిర్యాదులు ఆగిపోయాయి. భూమేశ్‌కు ధైర్యం వచ్చింది. కళ్లు బాగున్నంతకాలం ఫికర్ లేదనుకున్నాడు.

అప్పుడు నీల వచ్చింది.

నీల పెద్ద కొడప్‌గల్ మండలాఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. ఆమె తల్లి లస్మవ్వ ఇరవయ్యేళ్లు రైస్ మిల్లులో పనిచేసింది. ఊక దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, కిందటేడు చనిపోయింది. చర్చిలో పాడే మనిషి. నాటు వేసేటప్పటి బాణీలో తానే ఒక ప్రార్థన పాట కట్టుకుంది. మూడేళ్ల కిందట ఆ పాటను భూమేశ్ దగ్గరే రికార్డు చేయించింది. గొంతు రికార్డయింది గానీ, ఆమె దవాఖాన చుట్టూ తిరగడంతో పాట కలపడం అలాగే ఉండిపోయింది.

"వచ్చే ఐతారం అవ్వ పోయి ఏడాదైతది. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నం. గా పాట మంచిగ చేసియ్యన్నా. అవ్వ పాటతోనే మొదలువెడ్తం" అంది నీల.

"తప్పకుండ చెల్లె. శుక్రవారం రా."

ఆ పాట మీద అతను మూడు రోజులు కూర్చున్నాడు. డప్పు వద్దనుకుని సన్నగా హార్మోనియం మాత్రం పెట్టాడు. తెరమీద పాట పరుచుకుంటే చరణానికీ చరణానికీ మధ్య, పంక్తికీ పంక్తికీ మధ్య, పైభాగంలో పొగలాంటి మరకలు కనబడ్డాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ చోట్ల విన్నాడు. ఏమీ లేదు. కిటికీలోంచి వచ్చిన గాలి అయి ఉంటుందనుకున్నాడు. ఒక్కొక్క మరకనే జాగ్రత్తగా కత్తిరించాడు. చివరికి పంక్తుల మధ్య తెర నల్లగా, శుభ్రంగా మిగిలింది. ఇంత శుభ్రమైన పని ఈ మధ్య చేయలేదనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం నీల ఆఫీసులో సెలవు పెట్టి వచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఎండ గాసిన నాడు నా కొంగువైతివి" అని లస్మవ్వ పాడింది. మొదటి చరణం అయింది. రెండోది మొదలైంది. నీల కళ్లు తెరిచింది. పాట పూర్తికాకుండానే హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది.

"ఏమైంది చెల్లె?"

"మంచిగనే ఉన్నదన్నా" అంది. "కని మా అవ్వ గిట్ల పాడది."

"గొంతు అవ్వదే గదా. ఏం మార్చలె నేను."

"గొంతు అవ్వదే. ఊపిరేది? అవ్వ ఒక్క ముక్క పాడి, బుస్సున ఊపిరి పీల్చి, ఇంకో ముక్క పాడేది. లోపట పిల్లికూతలు ఇనబడేటివి. పక్కల పండుకున్నప్పుడు గా ఊపిరి ఇనుకుంటనే నేను పెరిగిన. గిండ్ల అవ్వ ఎక్కడ కూడ ఊపిరి పీల్చుకుంటలేదు. సచ్చిపోయినోళ్లు పాడినట్టున్నది."

భూమేశ్ తెరమీది నల్లటి ఖాళీల వైపు చూశాడు. తాను కత్తిరించిన మరకలు అవే. మూడు రోజులు కష్టపడి, ఏరి ఏరి, తీసేసింది ఆమె ఊపిరి.

ఏదో ఒకటి చెప్పి పంపించొచ్చు. పొరపాటున ఒక మీట పడిందనొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. నీల మొహం చూశాక చెప్పలేకపోయాడు.

"నాకు ఇనబడలేదు చెల్లె" అన్నాడు. "సన్న సప్పుడు నాకు ఇనబడది. చెవులు పోయినయి. ఎవ్వలికి చెప్పలె. గీ బొమ్మలు చూసుకుంట పని చేస్తున్న. గవి గాలి మరకలనుకున్న."

నీల తెర వైపూ అతని వైపూ చూసింది. కోపగించుకుంటుందనుకున్నాడు.

"అసలు రికార్డింగు ఉన్నదా, తుడిచేసినవా?" అని అడిగింది.

"ఉన్నది. అది నేను ముట్టలె."

"అయితే పెట్టు. నేను ఇంట. నువ్వు చూడు."

అలా కూర్చున్నారు ఇద్దరూ. భూమేశ్ తెరమీద ఒక్కొక్క మరకనే వేలితో చూపించాడు. నీల అక్కడ విని చెప్పింది. "గిది ఊపిరి. ఉంచు. గిది కింద సుత్తి సప్పుడు. తీసెయ్. గిది ఊపిరే. గిది అవ్వ పెదవి తడుపుకున్నది, ఉండనీ." అరగంటలో రెండు చరణాలు దాటారు.

రెండో చరణానికీ మూడోదానికీ మధ్య ఒక పొడుగాటి మరక ఉంది. మిగతావాటిలా పొగలా లేదు. ముక్కలు ముక్కలుగా, మాటల కొలతలో ఉంది. దానికింద గొంతు పలికిన వెలుగు మాత్రం లేదు. నీల విన్నది. మళ్లీ వెనక్కి పెట్టమని విన్నది. మూడోసారి విన్నాక హెడ్‌ఫోన్ తీయకుండా అలాగే కూర్చుండిపోయింది.

"ఏందది? ఊపిరేనా?"

ఆమె కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"చెప్పు చెల్లె."

"మాట్లాడుతుంది" అంది నీల. "గుసగుసగ. 'జర నీళ్లియ్యి బిడ్డా, ఊపిరాడ్తలేదు' అంటుంది."

భూమేశ్‌కు ఆ రోజు గుర్తొచ్చింది. మే నెల. గదిలో హోరు పడకూడదని ఫ్యాను ఆపేశాడు. లస్మవ్వ మైకు ముందు నిలబడింది. అతను తెరవైపు తిరిగి కూర్చున్నాడు. రెండో చరణం తరువాత ఆమె ఆగింది. అతను తల తిప్పకుండానే వేలెత్తి, "ఆగకవ్వా, గట్లనే మూడోది అందుకో" అన్నాడు. ఆమె అందుకుంది. ఆ తరువాత కూడా బాగా రాలేదని మొదటినుంచి ఇంకో రెండుసార్లు పాడించాడు. అవి ఇంకా పాడవడంతో చివరికి మొదటిదే ఉంచుకున్నాడు.

"నేను ఇయ్యలె" అన్నాడు. "నీళ్లు నా వెనకనే ఉండె. పెద్దమనిషి నోరిడిసి అడిగితే ఇయ్యలె. ఇంకోసారి పాడుమన్న."

నీల ఏడుస్తోంది. చప్పుడు చేయకుండా, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఏడ్చింది. భూమేశ్ ఆమె ముందు చేతులు జోడించబోయాడు. వద్దన్నట్టు తలాడించింది.

"ఇంటికొచ్చి నీ మీద ఏం చెప్పలె అవ్వ" అంది. "పాట మంచిగొచ్చిందన్నది. పిలగాడు పనిమీద ఉన్నడన్నది. గంతే."

ఆ మాట అతనికి ఓదార్పు కాలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

"గీ ముక్క ఏం చేద్దాం?" అని అడిగాడు.

నీల ఆలోచించింది. "పాటల వద్దు. పదిమంది ముంగట అవ్వ నీళ్లడుగుడు నాకిష్టం లేదు. కని తుడిచెయ్యకు. నాకు విడిగ ఇయ్యి. అవ్వ మాట నా దగ్గర ఇంకెక్కడ లేదు. ఫోన్ల ఫోటోలే ఉన్నయి."

ఇచ్చాడు. ఆ నాలుగు మాటలూ ఆమె ఫోన్లో పడ్డాయి. నీల వెళ్లేముందు వెనక్కి తిరిగి, "చెవుల సంగతి దాచిపెట్టకన్నా. ఇంకెవలో అడుగుతరు, నీకు ఇనబడది" అంది.

ఆదివారం కూడికకు భూమేశ్ తనే స్పీకర్లు తీసుకెళ్లాడు. చర్చి పక్కన షామియానా. మిల్లులో లస్మవ్వతో పనిచేసిన ఆడవాళ్లు ముందు వరుసలో కూర్చున్నారు. పాట మొదలైంది. అతనికి గొంతు వినబడుతోంది. మధ్యలో ఊపిరి వినబడటం లేదు. అందుకని స్పీకర్లను వదిలి ఆడవాళ్ల మొహాలు చూశాడు. మొదటి పంక్తి ఆగిన చోట ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కనున్నామె, "గదో, గట్లనే పీల్చేది" అంది. పెదవుల కదలికను బట్టి అతనికి ఆ మాట తెలిసింది.

ఆ తరువాత భూమేశ్ ముందు భార్యకు చెప్పాడు. దిలీప్‌కు చెప్పాడు. దిలీప్, "నా చెవులు కూడ జర చూపించుకోవాలె" అని చాలాసేపు మాట్లాడాడు. పాటల కోసం వచ్చేవాళ్లలో ఇద్దరు ముగ్గురు బోధన్ స్టూడియోలకు వెళ్లిపోయారు. చాలామంది ఉండిపోయారు. చెవికి మిషన్ పెట్టుకున్నాడు. దానితో అన్నీ రాలేదు, కొన్ని వచ్చాయి. మిక్సింగ్ చేసేటప్పుడు పాడినవాళ్లనో వాళ్లింటివాళ్లనో పక్కన కూర్చోబెట్టుకుని, తెరమీద ప్రతి మరకా చూపించి అడిగాకే ఏదైనా తీయసాగాడు. రికార్డింగప్పుడు కుర్చీని మైకు వైపు తిప్పుకున్నాడు.

మొన్న పిట్లం నుంచి ఒకామె బతుకమ్మ పాట పాడటానికి వచ్చింది. మొదలుపెట్టేముందు భూమేశ్ ఆమెతో చెప్పాడు: "అక్కా, నాకు సన్న మాటలు ఇనబడవు. ఆగాల్నన్నా, ఏమన్న కావాల్నన్నా, చెయ్యెత్తు. నేను నిన్నే చూస్తుంట."

"మరి పాటెట్ల ఇంటవన్నా?" అందామె అనుమానంగా.

"సగం ఇంట, సగం గిండ్ల చూస్త. మిగిలింది నిన్ను అడుగుత."

ఆమె తెరకేసి ఒకసారి చూసి, కొంగు సర్దుకుని, మైకు దగ్గరకు జరిగింది.