రేపు మనకి ఆఫ్

"ఊరికే వెళ్తావు, ఊరికే వస్తావు. ఆ మధ్యలో అక్కడ చేసేదేమిటో నాకైతే అంతుపట్టదు" అన్నాడు భర్త, ఆమె టిఫిన్ డబ్బా మూత నొక్కుతుంటే.

ఆమె మూత గట్టిగా నొక్కి, డబ్బా తలకిందులు చేసి చూసింది. కారలేదు. అయినా గుడ్డ చుట్టింది, గుడ్డ మీద కవరు తొడిగింది. కూర కారి, సంచీ తడిసి, ఆ జిడ్డుకి స్కూటరు హ్యాండిల్ మీద ఆయన చెయ్యి జారి, ఎదురుగా లారీ వచ్చి... అక్కడితో ఆపుకుంది. ఆమె ఆలోచన ఎక్కడ బయల్దేరినా లారీ దగ్గరికే చేరుతుంది. పిల్ల ఫోనెత్తకపోతే లారీ. పాలవాడు ఆలస్యమైతే లారీ. అందుకే ఆ ఇంట్లో ఆమెకి గండమ్మ అని పేరు. మొదట మొగుడు పెట్టాడు, తర్వాత అత్తగారు అందుకుంది, ఇప్పుడు కూతురు ముద్దుగా అదే పిలుస్తోంది.

ఇక 'ఊరికే' అన్న మాట. ఆ ఇంట్లో దానికెన్ని అర్థాలో. అత్తగారు చుట్టాలతో "మా కోడలా? ఊరికే ఇంట్లోనే ఉంటుంది" అన్నప్పుడు పనీపాటా లేకుండా అని. ఆ మాట అంటున్నంతసేపూ కోడలు ఆవిడ మోకాళ్ళకి నూనె రాస్తూనే ఉంటుంది. కూతురు "ఊరికే భయపడతావేంటమ్మా" అంటే కారణం లేకుండా అని. భర్త అంటే జీతం లేకుండా అని. ఆయనకి కర్టెన్ల షాపు ఉంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ కర్టెన్ల అంచులన్నీ ఆమె కుట్టినవే, ఏ జీతానికి కుట్టిందో ఎవరూ అడగలేదు. అది ఊరికే చేసినట్టు కాదు, ఎందుకంటే అది 'మన షాపు'. షాపు బోర్డు మీద మాత్రం మన అని లేదు, ఆయన పేరూ వాళ్ళ నాన్న పేరూ ఉన్నాయి.

ఆమె వెళ్ళేది రైలు చరిత్ర సంఘానికి. పేరు పెద్దది గాని, సంఘమంటే స్టేషన్ పక్కన పాత పార్సిల్ ఆఫీసు మేడ మీద ఒక పొడుగాటి గది. ఎవరికీ అక్కర్లేదని పారెయ్యబోయిన సామానంతా అందులో ఉంది. ఆవిరి ఇంజన్ల నాటి ఫొటోలు, బట్ట మీద గీసిన వంతెనల నక్షాలు, గార్డు లాంతర్లు, అట్ట టికెట్లు, గోడకి బిగించిన ఒక సిగ్నల్ రెక్క. వీటిని కాపాడ్డానికి కొందరు రిటైరైన మగవాళ్ళు, ఆమె. జీతం ఎవరికీ లేదు.

నిజానికి ఆమె అక్కడికి చరిత్ర కోసం వెళ్ళలేదు. కూతురు రైల్లో కాలేజీకి వెళ్ళి రావడం మొదలుపెట్టిన కొత్తలో, ఇంట్లో కూర్చుంటే కాలూ చెయ్యీ ఆడక, సాయంత్రం బండి టైముకి చాలా ముందే వచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబడేది. కనిపించిన ప్రతి రైల్వే మనిషినీ "పట్టాలు తప్పవు కదండీ?" అని అడిగేది. కొందరు నవ్వేవాళ్ళు, కొందరు విసుక్కునేవాళ్ళు. ఒకరోజు రిటైరైన ఇంజన్ డ్రైవరుని అడిగింది. ఆయన నవ్వలేదు. "తప్పుతాయమ్మా. తప్పకుండా ఉండడానికి ఎవరెవరు ఏం చేస్తారో చూపిస్తాను, పైకి రా" అన్నాడు.

పైకి వెళ్ళింది. దుమ్ము చూసింది. ఇంకేముంది, చీపురు చేతిలోకి దానంతటదే వచ్చేసింది.

సంఘానికి అధ్యక్షుడైన లెక్కల మాస్టారు తెగ మురిసిపోయాడు. "ఆడమనిషి చెయ్యి పడితే ఆ కళే వేరండీ. కాస్త టీ కూడా మీ చేత్తోనే పెట్టేస్తే..." అన్నాడు. ఇంట్లోంచి బయటపడి ఇంత దూరం వచ్చినా టీ గిన్నె వెంటే వచ్చిందే అనుకుంది ఆమె. కాదనడం చేతకాదు. భయపడ్డం మాత్రం బాగా వచ్చు. మూలనున్న స్టవ్వునీ, పక్కన బీరువాల నిండా ఎండిపోయిన కాగితాల్నీ చూసింది. గది భగ్గున అంటుకోవడం, మాస్టారు కిటికీలోంచి దూకడం, కాలు విరగడం, వాళ్ళావిడ శోకాలు పెట్టడం అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. స్టవ్వు ఎత్తుకెళ్ళి కింద హమాలీలకి ఇచ్చేసి వచ్చింది. ఆ రోజు నుంచీ టీ కావల్సినవాళ్ళు మెట్లు దిగి బడ్డీకొట్టులో తాగొస్తున్నారు.

"ఈవిడే మన కాషన్" అన్నాడు డ్రైవరు. ముందు పట్టా బలహీనంగా ఉంది, మెల్లగా వెళ్ళు అని డ్రైవరుకి ముందే రాసిచ్చే కాగితం పేరు కాషన్ అట. అది చేతికి రానిదే బండి కదపకూడదట. భయం మారలేదు, మనిషీ మారలేదు. కానీ ఆ పిలుపు విన్నరోజు ఆమె ఇంటికి నడిచి వెళ్ళింది, బస్సు సంగతే గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆ గదికే గండం వచ్చిపడింది. రైళ్ళలో ఇచ్చే దుప్పట్లు దాచుకోవడానికి చోటు చాలట్లేదు, ఎప్పుడు చూసినా తాళం వేసుండే గది మీకెందుకు అన్నారు పైవాళ్ళు. గురువారం పొద్దున్న అధికారి వచ్చి చూస్తారు, తెరిచి చూపించే మనిషి ఉంటే గది సంఘానిదే, తాళం కనిపిస్తే మాత్రం సామాను బయటికే అని కబురొచ్చింది. మాస్టారేమో కొడుకింటికెళ్ళి జ్వరంతో అక్కడే పడిపోయాడు. మిగతావాళ్ళెవరూ ఊళ్ళో లేరు. డ్రైవరుకి సరిగ్గా గురువారమే కంటి ఆపరేషను. "అధికారి వచ్చే తేదీ మారుస్తారేమో అడిగి చూస్తాను చెల్లెమ్మా. ఏ సంగతీ బుధవారం ఫోన్ చేస్తా" అన్నాడు. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది.

ఆ బుధవారమంతా గది తుడిచి, ఫొటోలకి మెత్తటి గుడ్డ పెట్టి, ఇంటికొచ్చి వంటగదిలో గరిటె పట్టుకుని డబ్బాలకేసి చూపిస్తూ "ఇదండీ ఆవిరి ఇంజను, ఇదండీ పాత వంతెన" అని వల్లించుకుంటుంటే ఫోన్ మోగింది. ఆస్పత్రి గోలలో డ్రైవరు గొంతు. "రేపు మనకి ఆఫ్ చెల్లెమ్మా! ఏం భయపడకు!" అంతే, కట్టయిపోయింది.

ఆమె గరిటె కింద పెట్టింది. గుండెల మీద బరువు దిగింది. దిగిన చోట కాస్త వెలితిగా కూడా అనిపించింది.

"ఆఫా? మరీ మంచిది" అన్నాడు భర్త. "రేపు లాడ్జి కిటికీలు కొలవడానికి పోవాలి నేను. షాపులో అమ్మాయి సెలవు. అక్కడ ఊరికే కూర్చునేదేదో ఇక్కడ కూర్చో."

"మధ్యలో నా టీకి వచ్చి వెళ్ళు" అంది అత్తగారు గదిలోంచి.

గురువారం పొద్దున్న షాపులో మెడకి టేపు వేసుకుని కూర్చుంది. మొదటి బేరం ఆస్పత్రి నర్సు. ఆ పిల్లకి కావల్సిన కర్టెను ఇంకా పుట్టలేదు. "ఎండ రాకూడదక్కా, గాలి రావాలి. పక్కింటివాళ్ళకి నేను కనపడకూడదు, నాకు మాత్రం వాళ్ళు కనపడాలి." ఇద్దరూ నవ్వుకుంటూ తాను మీద తాను విప్పుతున్నారు.

"ఆ ఫ్యాన్ ఆఫ్ చెయ్యండక్కా, గుడ్డ ఎగిరిపోతోంది."

ఆమె స్విచ్ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఒకరోజు గోడ మీది సిగ్నల్ రెక్క తుడుస్తుంటే డ్రైవరు చెప్పాడు. రెక్క అడ్డంగా ఉంటే ఆన్, ఆన్ అంటే ఆగు. రెక్క వాలిస్తే ఆఫ్, ఆఫ్ అంటే దారి ఖాళీ, పద. "లోకానిదంతా ఒక దారి, మీ రైలువాళ్ళదొక దారి" అని అప్పుడు తను పగలబడి నవ్వింది కూడా. ఆయన జన్మలో ఎప్పుడైనా సెలవుని ఆఫ్ అన్నాడా?

వెంటనే డ్రైవరుకి ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తింది. "లోపలికి తీసుకెళ్ళారమ్మా ఇప్పుడే. ఏంటీ, ఆఫ్ అన్నారా? ఇంకేం, వెళ్ళమనే! పెళ్ళైన కొత్తలో పాలు పొంగుతుంటే నేను పెరట్లోంచి 'ఆఫ్ చెయ్యండీ' అని అరిచా. 'ఆఫ్‌లోనే ఉంది, పోనీ' అన్నారు మహానుభావుడు. పాలన్నీ నేలపాలు. ఈ మనిషితో కాపురమంటే మాటలా! నువ్వు ముందు పరిగెత్తు తల్లీ!"

భర్తకి చెప్పి వెళ్ళాలి, అనుకుంది ఆమె. ఫోన్ చేతిలోనే ఉంది. చేస్తే ఏమంటాడో, ఏ గొంతుతో అంటాడో, అన్నాక తను ఏ కుర్చీలో కూర్చుండిపోతుందో అంతా తెలుసు. జవాబు తెలిసినప్పుడు ఇంక అడగడమెందుకు? ఫోన్ సంచీలో పడేసి "రేపు రామ్మా, నేనిప్పుడు వెళ్ళాలి" అని షట్టరు లాగింది. ఆ షట్టరు ఆమె చేత్తో పట్టపగలు మూతపడ్డం అదే మొదలు. అది చేసిన చప్పుడుకి పక్క షాపు టైలరు తల బయట పెట్టి చూశాడు.

"ఎక్కడికక్కా? ఎక్కండి" అంది నర్సు, స్కూటీ తిప్పి.

మలుపులో లారీ రానే వచ్చింది, నిజం లారీ, ఇటుకల లోడుతో. ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి లారీ వెనక్కి వెళ్ళిపోయింది, స్కూటీ ముందుకే పోతోంది.

మేడ మెట్ల మీద అధికారి ఉంది. నెరిసిన జుట్టు ముడేసుకున్న ఆడమనిషి. తాళం వైపు ఒకసారి చూసి, చేతిలో కాగితం మీద పెన్ను పెట్టబోతోంది.

"ఆఫ్! ఆఫ్ అండీ! ఆగండి!" అని అరిచింది ఆమె కిందినుంచే, ఒగరుస్తూ.

అధికారి పెన్ను ఎత్తి తొంగి చూసింది. "ఆఫ్ అంటే పొమ్మని కదమ్మా, మళ్ళీ ఆగమంటారేంటి?" అంది. అని నవ్వింది.

ఆ నవ్వు చూసి ఆమె గబగబా మెట్లెక్కింది. తలుపు తీసింది. వల్లించిన ఆవిరి ఇంజనూ పాత వంతెనా ఒక్కటీ గుర్తు రాలేదు. తనకి నిద్దట్లో లేపినా వచ్చేవే చెప్పుకుపోయింది. "వాన నీళ్ళొస్తాయని పెట్టెలన్నీ ఇటుకల మీదికి ఎక్కించానండీ. నిప్పంటుకుంటుందేమోనని ఇసుక బకెట్లు, స్టవ్వయితే తీయించేశాను. ఎలుకలొస్తాయని కిటికీకి ఇనప జాలీ. ఎవరైనా జారి పడతారని ఆ మెట్టుకి తెల్లరంగు. నక్షాలు మడతల దగ్గర చిరుగుతాయని మా షాపులో కర్టెన్ గొట్టాలకి చుట్టాను..."

"నేను అడగబోయేవన్నీ మీరు ముందే భయపడేశారే" అంది అధికారి.

గోడ మీద ఒక ఫొటో దగ్గర ఆవిడ ఆగింది. రైల్వే గేటు, మీసాలు మెలేసి చేతులు కట్టుకున్న మగమనిషి, పక్కనే చెరగు బిగించిన ఆడమనిషి. కింద 'గేటుమాన్, భార్య' అని రాసుంది.

"జెండా ఈవిడ చేతిలో ఉందే?"

"అవునండీ. ఉద్యోగం ఆయనది. ఆవిడ ఊరికే పక్కన నిలబడేది, జెండా పట్టుకుని."

ఒక్క క్షణం ఇద్దరూ ఆ ఫొటోనే చూశారు. తర్వాత ఎవరు ముందు మొదలుపెట్టారో గాని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ నర్సుకి ఏం అర్థమైందో, తనూ నవ్వింది.

"సరే. వారంలో సగం రోజులైనా తెరిచుంచాలి" అంది అధికారి కళ్ళు తుడుచుకుని. "బాధ్యులు ఎవరని రాసుకోను?"

ఇంట్లో అడిగి చెప్తానండీ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. పుట్టింట్లో నేర్చుకున్న మాట, అత్తింట్లో అరిగిపోయిన మాట. అది బయటికి రాకుండా ఆమె పెదాలు మూసుకుంది. టిఫిన్ డబ్బా మూత నొక్కినంత గట్టిగా.

"నేనే" అంది. "రాసుకోండి."

అధికారి రాసుకుని వెళ్ళిపోయింది. నర్సు డ్యూటీకి పరిగెత్తింది. కిటికీ రెక్కలు బార్లా తీసి, ఎండలో తేలుతున్న దుమ్ము చూస్తూ ఆమె కుర్చీలో కూర్చుంది. మెడలో టేపు ఇంకా అలాగే వేలాడుతోంది. అప్పుడు మోగింది ఫోన్.

"షాపు మూసేసి ఎక్కడికి పోయావే?" భర్త గొంతు గదంతా వినిపించేలా ఉంది. "టైలరు ఫోన్ చేసి చెప్తే గాని తెలీలేదు నాకు! ఏమైందోనని చచ్చానిక్కడ! అక్కడ అమ్మ టీ కోసం చూస్తోంది, ఇక్కడ నేను చూస్తున్నాను. ఎప్పుడొస్తావసలు?"

ఏమైందోనని చచ్చాడట. ఆమెకి కొంచెం జాలేసింది, చాలా ముచ్చటేసింది. కింద ప్లాట్‌ఫాం మీద మైకు గొంతు సవరించుకుని, ఏదో బండి ఆలస్యంగా నడుస్తోందని, ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని ఎప్పటిలాగే తియ్యగా చెప్పుకుపోతోంది.

"నేనూ ఆలస్యంగానే నడుస్తున్నానండీ" అంది ఆమె, అంతే తియ్యగా. "ఇకనుంచి వారంలో సగం రోజులు ఇలాగే. మీకు కలిగే అసౌకర్యానికి చింతించడం లేదు."